గంటంపావే నాన్నా

నాన్న రాత్రి పెరట్లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. తమ్ముడు రాత్రికి రాత్రే టెక్కలి దగ్గర మా ఊరి నుంచి శ్రీకాకుళం తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాడు. నాకు మాత్రం తెల్లవారాక, ఆరుంపావుకి ఫోన్ చేశాడు. "రాత్రి చెప్తే నువ్వు నిద్రపోవు, ఆ వేళలో బయల్దేరనూ లేవు. అందుకే చెప్పలేదు" అన్నాడు. మధ్యాహ్నం పన్నెండుకి ఆపరేషన్ అన్నాడు. తర్వాత ఫోన్ నాన్నకిచ్చాడు.

"ఒరే పెద్దోడా, ఎంతసేపట్లో వస్తావు?"

నేను మియాపూర్‌లో మంచం మీద ఇంకా దుప్పటి కూడా తీయకుండా కూర్చుని ఉన్నాను. "ఫ్లైట్ గంటంపావే నాన్నా. నువ్వు లోపలికి వెళ్ళేలోపు వచ్చేస్తాను" అన్నాను.

నేను ఆసుపత్రి మెట్లెక్కేసరికి మూడుకి పది నిమిషాలు తక్కువ.

ఆ మధ్యలో జరిగింది ఇది. పన్నెండుకి నాన్నను థియేటర్‌లోకి తీసుకెళ్ళడానికి వచ్చారు. "పెద్దోడు వచ్చాకే" అన్నారు నాన్న. తమ్ముడు బతిమాలాడు, అమ్మ కోప్పడింది. ఆయన కదల్లేదు. "గంటంపావు అన్నాడు కదా, ఇప్పుడో ఇంకాసేపట్లోనో వచ్చేస్తాడు" అని తలుపు వైపే చూస్తూ పడుకున్నారట. డాక్టరు గారికి ఒంటిగంట తర్వాత వేరే ఊళ్ళో పని ఉంది. ఆపరేషన్ మర్నాడు ఉదయానికి వాయిదా పడింది. విరిగిన ఎముకతో, నొప్పికి ఇంజెక్షన్లు పొడిపించుకుంటూ, ఆయన ఇంకో రాత్రి గడిపారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి చివరి దాకా నడుస్తున్నారు. కానీ ఆ ఒక్క రాత్రి నేను చెప్పిన మాట వల్ల ఆయనకు అదనంగా పడింది. ఆ సంగతి నన్ను వదలడం లేదు.

అప్పటి నుంచి ఒకటే ఆలోచిస్తున్నాను. నేను అబద్ధం చెప్పలేదు. ఏ టికెట్ల యాప్ తెరిచినా హైదరాబాద్ నుంచి విశాఖకు గంటంపావు, గంటా ఇరవై అనే ఉంటుంది. ఆ రోజు నా విమానం ఆలస్యం కాలేదు. పైగా అయిదు నిమిషాలు ముందే దిగింది. టాక్సీ చెడిపోలేదు, వాన పడలేదు, ఎవరూ నన్ను ఆపలేదు. ఏ పొరపాటూ జరగకుండానే గంటంపావు ఎనిమిది గంటల ముప్పై అయిదు నిమిషాలయింది. ఏదైనా తప్పు జరిగి ఉంటే దాన్ని తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. జరగలేదు కాబట్టే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ అంకె దేన్ని కొలుస్తుంది

శంషాబాద్ విమానాశ్రయానికీ విశాఖ విమానాశ్రయానికీ మధ్య దూరం సుమారు 510 కిలోమీటర్లు. భూమి గుండ్రం మీదుగా రెండు బిందువుల మధ్య అతి దగ్గరి గీత గీస్తే వచ్చే కొలత అది. రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 17 డిగ్రీల పైన, ఉన్నాయి. కాబట్టి దారి దాదాపు సూటిగా తూర్పుకే. రేఖాంశాల్లో తేడా అయిదు డిగ్రీలకు కాస్త తక్కువ. అంటే విశాఖలో పొద్దు పొడిచిన 19 నిమిషాలకు హైదరాబాద్‌లో పొడుస్తుంది. రైలైతే వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకు దిగి, అక్కడి నుంచి గోదావరి దాటి తీరం వెంట పైకి రావాలి. అందుకే పట్టాల మీద అదే దూరం 700 కిలోమీటర్ల దాకా అవుతుంది.

మామూలు జెట్ విమానం పైఎత్తుకు చేరాక గంటకు 800 కిలోమీటర్ల పైనే పోతుంది. ఆ వేగంతో 510 కిలోమీటర్లకు 40 నిమిషాలు కూడా పట్టకూడదు. మరి గంటంపావు ఎందుకంటే, విమానం సగం దారి ఎక్కుతూ దిగుతూనే ఉంటుంది. పది వేల అడుగుల లోపు వేగానికి పరిమితి ఉంది. విశాఖ చుట్టూ కొండలున్నాయి. నేను ఎక్కిన విమానాలు చాలాసార్లు ఊరిని దాటి సముద్రం మీదికి వెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగి, ఓడరేవు పక్కగా దిగాయి. కిటికీలోంచి ఇల్లు కనిపించినంత దగ్గరగా ఊరు కనిపించాక కూడా ఇంకో పది నిమిషాలు గాల్లోనే ఉంటాం.

ఇంకో సంగతి. టికెట్ మీద రాసే సమయం గాల్లో ఉండే సమయం కాదు. బయల్దేరే చోట చక్రాలకు అడ్డంగా పెట్టిన దిమ్మెలు తీసినప్పటి నుంచి, దిగిన చోట మళ్ళీ దిమ్మెలు పెట్టే దాకా. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకడం, వరుసలో నిలబడడం అన్నీ అందులోనే. దాని మీద కంపెనీలు ఇంకొన్ని నిమిషాలు కలుపుకుంటాయి, ఆలస్యం అన్న మాట పడకుండా. ఆ రోజు నా విమానం నేల వదిలినప్పటి నుంచి నేల తాకే దాకా పట్టింది 52 నిమిషాలు. అయిదు నిమిషాలు ముందే దిగామని పక్క సీటాయన సంతోషపడ్డాడు.

గాలి కూడా ఈ లెక్కను మారుస్తుంది. చలికాలంలో పైన పడమటి గాలి, విశాఖ వెళ్ళేటప్పుడు వెనక నుంచి నెడుతుంది. వర్షాకాలంలో మన దక్షిణాది మీద చాలా ఎత్తులో గాలి తూర్పు నుంచి పడమరకు గట్టిగా వీస్తుంది. ఆ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1950ల్లో వివరించింది తర్వాత మన దేశ వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయిన పి. కోటేశ్వరం గారు. ఇంత చిన్న దూరంలో దాని ప్రభావం రెండు మూడు నిమిషాలు. పెద్ద దూరాల్లో గాలి కంటే రాజకీయాలు ఎక్కువ పని చేస్తాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు తన గగనతలం మూసేశాక, ఢిల్లీ నుంచి పడమటికి వెళ్ళే మన విమానాలు దక్షిణంగా చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. పటం మీద రెండు ఊళ్ళ మధ్య గీత పొడవు అంగుళం మారలేదు. ప్రయాణం మాత్రం పెరిగింది.

ఇవన్నీ తెలుసుకున్నాక నాకు ఒకటి అర్థమైంది. ఆ 510, ఆ గంటంపావు తప్పుడు అంకెలు కావు. పైలట్‌కి అవి కావాలి. ఎంత ఇంధనం పోయాలో, సిబ్బంది డ్యూటీ ఎప్పుడు ముగుస్తుందో, ఒకే విమానం రోజుకు ఎన్ని ట్రిప్పులు వేయగలదో వాటితోనే తేల్తుంది. కానీ అవి విమానం చేసే ప్రయాణానికి కొలతలు. నాది కాదు. నేను విమానం లెక్కను తెచ్చి మా నాన్నకు మనిషి లెక్కగా చెప్పాను.

515 నిమిషాలు

ఆ రోజు లెక్క ఇలా ఉంది. ఆరుంపావుకి ఫోన్. మొదటి విమానాలు అప్పటికే వెళ్ళిపోయాయి, లేదా అందుకోలేనంత దగ్గరలో ఉన్నాయి. తర్వాతి దాంట్లో సీట్లు లేవు. దొరికింది పదీ నలభైకి. ఏడుంపావుకి ఇల్లు వదిలాను. మియాపూర్ నుంచి ఔటర్ మీదుగా శంషాబాద్ నలభై కిలోమీటర్ల పైనే. ఎనిమిదిన్నరకు లోపలికి వెళ్ళాను. లైను, తనిఖీ, బెల్టు తీయడం, మళ్ళీ పెట్టుకోవడం. ఆ తర్వాత గంటన్నర ఒక కుర్చీలో. పన్నెండుకి అయిదు నిమిషాల ముందు విమానం దిగింది. పన్నెండుంపావు దాటాక టాక్సీ దొరికింది. అక్కడి నుంచి శ్రీకాకుళం నూట పది కిలోమీటర్లకు పైనే.

మొత్తం 515 నిమిషాల్లో గాల్లో ఉన్నది 52. పదో వంతు.

ఈ లెక్కలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది రోడ్డు కాదు, తనిఖీ కాదు. సీటున్న విమానం కోసం ఆగాల్సి వచ్చిన సమయం. మనం ప్రయాణ సమయం అన్నప్పుడు అది ఎప్పుడూ లెక్కలోకి రాదు. అరగంటకో బస్సున్న ఊరు అయిదు గంటల దూరంలో ఉన్నా దగ్గరగానే అనిపిస్తుంది. రోజుకు ఒకటో రెండో విమానాలున్న ఊరు గంట దూరంలో ఉన్నా అవసరానికి అందదు. చావుకీ పురిటికీ ఆపరేషన్‌కీ మనం టైమ్‌టేబుల్ చూసి బయల్దేరం. కబురు ఎప్పుడు వస్తే అప్పుడు బయల్దేరతాం. కబురు అందిన క్షణం నుంచి ఆ మనిషి చెయ్యి పట్టుకునే క్షణం దాకా పట్టేదే నా దృష్టిలో దూరం.

విజయవాడ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. శంషాబాద్ నుంచి గన్నవరం ఆకాశంలో 260 కిలోమీటర్ల పైచిలుకు, టికెట్ మీద గంట. ఎల్.బి. నగర్‌లో ఉండే మా బావ ఒకసారి వెళ్ళి చూశాడు. ఇంటి నుంచి శంషాబాద్ ముప్పావుగంట, అక్కడ రెండు గంటలు, విమానం గంట, గన్నవరంలో దిగి విజయవాడ బెంజ్ సర్కిల్ చేరడానికి మరో ముప్పావుగంట. అదే ఎల్.బి. నగర్ నుంచి సూర్యాపేట మీదుగా కారులో వెళ్తే అయిదు గంటల లోపే. "అరగంట కూడా మిగల్లేదు బావా, మధ్యలో ఆగి టీ తాగే సుఖం పోయింది" అన్నాడు. తర్వాత మళ్ళీ విమానం ఎక్కలేదు.

బేగంపేట పాఠం

ఇది నా ఒక్కడి బాధ అయితే ఇంత పొడుగు రాయనవసరం లేదు. విమానాశ్రయాలు ఎక్కడ కట్టాలి, వాటికి దారి ఎప్పుడు వేయాలి అనే పెద్ద నిర్ణయాల్లో కూడా ఇదే పొరపాటు జరుగుతోందని నా అభిప్రాయం. విమానం నిమిషాలు లెక్కపెడతారు. మనిషి నిమిషాలు తర్వాత చూద్దాం అంటారు.

2008 మార్చిలో బేగంపేట మూసేసి శంషాబాద్ తెరిచారు. విశాఖకు విమాన దూరం ఎంత మారిందో లెక్క వేసి చూశాను. సుమారు ఆరు కిలోమీటర్లు. విమానానికి అరనిమిషం. టికెట్ మీద ఏ తేడా రాలేదు. కానీ అమీర్‌పేటలో గది అద్దెకు ఉండే మాలాంటి వాళ్ళకు బేగంపేట పది నిమిషాల ఆటో. శంషాబాద్‌కి గంటన్నర ముందు లేవాలి. ఆ రోజుల్లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్ళకు నేను గుర్తు చేయక్కర్లేదు. పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే తెరిచింది 2009 అక్టోబరులో. విమానాశ్రయం తెరిచిన ఏడాదిన్నర తర్వాత. మెట్రో సంగతి చెప్పనే అక్కర్లేదు. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి మెట్రోకు శంకుస్థాపన చేశారు, ప్రభుత్వం మారాక ఆ దారే మార్చేశారు. ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైలు ఉందానగర్ దాకా వచ్చి ఆగింది. టెర్మినల్ దాకా రాలేదు.

శంషాబాద్ కట్టకూడదని నేను అనడం లేదు. బేగంపేటలో చోటు లేదు, పెద్ద విమానాలకు పొడవైన రన్‌వే కావాలి, ఊరి నడిమధ్య ఆ మోత ఎన్నాళ్ళు భరిస్తారు? శంషాబాద్ రాకపోతే ఈ రోజు హైదరాబాద్ ఈ హైదరాబాద్ అయ్యేది కాదు. నేను అడిగేది ఒక్కటే. రన్‌వే మీద మొదటి విమానం దిగే రోజునే, ఊళ్ళోకి పోయే రైలో బస్సో కూడా కదలాలి. ఏళ్ళ తరబడి ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఆ లోటును చాలావరకు మోశాయి. ఆ బస్సులు లేకపోతే జీతం తక్కువ ఉన్నవాళ్ళకు విమానం టికెట్ కంటే దాని దగ్గరికి వెళ్ళే టాక్సీయే భారమయ్యేది.

భోగాపురం దాటుతున్నప్పుడు

ఆ రోజు టాక్సీ ఆనందపురం, తగరపువలస దాటి భోగాపురం దగ్గరికి వచ్చినప్పుడు నాకు ఏడుపు వచ్చినంత పనైంది. కుడిచేతి వైపు, సముద్రం దిక్కున, అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన కొత్త విమానాశ్రయం లేస్తోంది. అప్పుడు ఒంటిగంటన్నర దాటింది. తమ్ముడు ఫోన్ చేసి ఆపరేషన్ వాయిదా పడిందని చెప్పింది అక్కడే. విమానం ఇక్కడే దిగి ఉంటే పన్నెండుంపావుకే ఈ చోట ఉండేవాణ్ణి కదా అనుకున్నాను. ఇక్కడి నుంచి పూసపాటిరేగ, రణస్థలం దాటితే శ్రీకాకుళం గంట. ఒంటిగంటన్నరలోపు నాన్న దగ్గర ఉండేవాణ్ణి. అప్పటికీ ఆలస్యమే. కానీ ఒకసారి ఫోన్ చేసి "భోగాపురంలో ఉన్నాను నాన్నా" అని ఉంటే, ఆయన కళ్ళు మూసుకుని లోపలికి వెళ్ళేవారేమో. భోగాపురం అంటే ఆయనకు తెలుసు. గంటంపావు అంటే ఏమిటో ఆయనకు తెలియదు.

విశాఖలో ఇప్పుడున్న విమానాశ్రయం నౌకాదళానిది. ఐ.ఎన్.ఎస్. డేగా అనే ఆ స్థావరంలో మన టెర్మినల్ ఒక వాటా మాత్రమే. ఆ రన్‌వే ముందు నౌకాదళ అవసరాలకు, తర్వాతే మనకు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను ఆ టెర్మినల్‌ను ఎలా చీల్చేసిందో విశాఖ వాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. కాబట్టి కొత్తది కావాలనడంలో నాకు ఏ అనుమానమూ లేదు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వాళ్ళకు ఇన్నాళ్ళూ విమానం అంటే ముందు విశాఖ ఊరు ఈదడం. మొదటిసారి ఒక పెద్ద విమానాశ్రయం మా వైపు వస్తోంది. ఇదంతా నేను సంతోషంగా మా స్నేహితుడితో అన్నాను. వాడు స్టీల్ ప్లాంటులో పని చేస్తాడు, గాజువాకలో ఉంటాడు.

"నీకు గంట కలిసొచ్చింది, నిజమే. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడు" అన్నాడు. "మా ఇంటి నుంచి ఇప్పుడున్న ఎయిర్‌పోర్టు పావుగంట. పొద్దున్న ఆరింటి ఫ్లైట్‌కి నాలుగున్నరకి లేస్తే సరిపోతుంది. భోగాపురం అయితే అరవై కిలోమీటర్లు. ఊరంతా దాటాలి. రెండున్నరకి లేవాలి. అనకాపల్లి వాడైతే ఇంకా ముందు. నర్సీపట్నం వాడు విమానమే మానేస్తాడు. ఇన్నేళ్ళూ మీరు దూరం పోయారు, ఇప్పుడు మేం పోతాం అంటావా?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. నిజానికి నేను అనాలనుకున్నది అదే. ఇన్నేళ్ళూ మేం పోయాం, ఇప్పుడు మీరు పొండి అని. నోటి దాకా వచ్చి ఆగింది. వాళ్ళ నాన్నకూ డెబ్భై దాటాయి. ఆయనా ఏదో ఒక రాత్రి జారిపడవచ్చు, వాడి తమ్ముడు బెంగళూరు నుంచి పరుగెత్తుకు రావలసి రావచ్చు.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. శంషాబాద్ నుంచి భోగాపురానికి విమాన దూరం, ఇప్పుడున్న దానితో పోలిస్తే ముప్పై కిలోమీటర్లకు కొంచెం పైగా ఎక్కువ. విమానానికి రెండు మూడు నిమిషాలు. టికెట్ మీద మళ్ళీ గంటంపావు, గంటా ఇరవై అనే ఉంటుంది. ఆ అంకె చూస్తే ఎవరికీ ఏమీ మారలేదనిపిస్తుంది. కింద నేల మీద మాత్రం లక్షల మందికి గంటలకు గంటలు చేతులు మారాయి. కొందరికి వచ్చాయి, కొందరి దగ్గర పోయాయి. అంతకంటే ముందు, సుమారు 2,200 ఎకరాల ఆ నేల మీద జీడితోటలు, కొబ్బరి తోటలు పెట్టుకుని బతికినవాళ్ళు ఊళ్ళే వదిలి వెళ్ళారు. వాళ్ళు వదులుకున్నదాన్ని నిమిషాల్లో కొలవలేం. కానీ వాళ్ళు అంత ఇచ్చాక, దాన్ని సగం ప్రయోజనంతో వాడుకోవడం ఇంకా అన్యాయం.

గాజువాక మిత్రుడికి ఇప్పుడు నేను చెప్పగలిగిన జవాబు ఇది. విమానాశ్రయం ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరికి దూరమే. ఎవరి గడపకు ఎంత దూరమో ముందే లెక్కగట్టి, ఎక్కువ పోగొట్టుకున్న వైపు ముందుగా దారి వేయడం మాత్రం మన చేతుల్లో ఉంది. గాజువాక నుంచి, అనకాపల్లి నుంచి టెర్మినల్ గుమ్మం దాకా, తెల్లవారుజామున రెండున్నరకు కూడా నడిచే బస్సు. మా వైపు శ్రీకాకుళం, పాలకొండ, పలాసల నుంచి అలాంటివే. ఇవి రన్‌వే అంత ఖర్చు కావు. రన్‌వేతో పాటు మొదలు కాకపోతే మాత్రం, టాక్సీ పెట్టుకోగలిగినవాడికే విమానాశ్రయం దగ్గరవుతుంది.

రైలు మాటేమిటి

ఇదంతా విని మా ఆవిడ అడిగింది. "అయితే విమానం ఎందుకు, వందే భారత్ ఎక్కొచ్చు కదా?" న్యాయమైన ప్రశ్న. సికింద్రాబాద్, విశాఖల మధ్య మొదటి వందే భారత్ 2023 సంక్రాంతి నాడు మొదలైంది, రెండోది 2024 మార్చిలో. ఎనిమిదిన్నర గంటలు అటూ ఇటూ. ఆ రోజు నాకు ఫోన్ వచ్చినప్పటి నుంచి ఆసుపత్రి చేరే దాకా పట్టింది కూడా అంతే. ఈ పోలిక మొదట నాకు చాలా నచ్చింది. వ్యాసానికి అదే ముగింపు అనుకున్నాను.

కానీ అది నిజాయితీ గల పోలిక కాదు. రైలుకూ గడపలున్నాయి. మియాపూర్ నుంచి తెల్లవారుజామున సికింద్రాబాద్ చేరాలి, విశాఖలో దిగాక శ్రీకాకుళానికి మళ్ళీ రెండు గంటలు. మొత్తం పన్నెండు గంటలు. పైగా నాకు ఫోన్ వచ్చేసరికి ఉదయం రైలు వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళు నమ్ముకున్న విశాఖ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే మర్నాడు ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దింపుతుంది. టాక్సీలు, ఊళ్ళు మారడాలు లేవు. అది నాన్నకు చాలా ఇష్టమైన రైలు. ఆ రోజుకి మాత్రం అది అందదు. ఎలా చూసినా విమానమే ముందు చేర్చింది. ఆ మాట దాచిపెట్టి రాయడం నాకు ఇష్టం లేదు.

అయితే తేడా ఎంతో చూడండి. అంకెలు చూస్తే గంటంపావు ఎక్కడ, ఎనిమిదిన్నర ఎక్కడ! ఏడు గంటల పైన మిగులు అనిపిస్తుంది. ఫోన్ వచ్చాక ఇంట్లో ఆగిన గంట కూడా కలిపి, గడప నుంచి గడపకు చూస్తే మిగిలింది మూడున్నర గంటలు. అది చిన్నదేమీ కాదు. ఆ మూడున్నర గంటల కోసం ఎంత డబ్బు ఖర్చు పెట్టవచ్చో, ప్రతి జిల్లాకూ ఒక విమానాశ్రయం కట్టాలా, లేక ఉన్న పట్టాల మీద ఇంకో రెండు రాత్రి రైళ్ళు నడపాలా అన్నది అప్పుడు సరిగ్గా మాట్లాడుకోగలం. ఏడు గంటలు అనుకుని మాట్లాడితే రైలు ప్రతిసారీ ఓడిపోతుంది, ఓడిపోవలసిన అవసరం లేని చోట కూడా.

ఇంకో అభ్యంతరం కూడా నాకు నేనే చెప్పుకున్నాను. సమయం ఒక్కటే కొలత కాదు. తుంటి ఎముక ఆపరేషన్ అయిన మనిషిని పన్నెండు గంటలు రైల్లో కూర్చోబెట్టడం వేరు, గంట విమానంలో కూర్చోబెట్టడం వేరు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమెకు విమానాశ్రయంలో చక్రాల కుర్చీ ఇస్తారు, నెట్టేవాళ్ళుంటారు. మన స్టేషన్లలో ప్లాట్‌ఫారం మారడానికి వంతెనెక్కాలి. కాబట్టి వాళ్ళిద్దరినీ హైదరాబాద్ తెచ్చేటప్పుడు నేను విమానంలోనే తెస్తాను. అమెరికా నుంచి వచ్చే మా మేనల్లుడికైతే ఈ చర్చే అనవసరం. ఇరవై గంటలకు పైగా ప్రయాణంలో శంషాబాద్ నుంచి విశాఖ చివరి మెట్టు. అక్కడ దిగిపోయి రైలెక్కమంటే ఎక్కడు.

గడప నుంచి గడపకు అని చెప్పడం కష్టమని కూడా కొందరంటారు. ఎవరి గడప వాళ్ళది, ఎన్ని కోట్ల అంకెలు రాస్తారు? అన్నీ రాయనక్కర్లేదు. విశాఖ టికెట్ మీద గాజువాకకు ఎంత, అనకాపల్లికి ఎంత, విజయనగరానికి ఎంత, శ్రీకాకుళానికి ఎంత, బస్సులో ఎంత, టాక్సీలో ఎంత అని నాలుగైదు వరుసలు చాలు. కూకట్‌పల్లి నుంచి పొద్దున్న బయల్దేరితే ఎంత, ఉప్పల్ నుంచి ఎంత అని ఇటువైపు ఇంకో నాలుగు. రైల్వే పాత టైమ్‌టేబుళ్ళలో ఏ స్టేషన్‌లో దిగితే ఏ ఊరికి బస్సు దొరుకుతుందో కొన్నిచోట్ల రాసేవారు. ఆ మాత్రం పని ఇప్పుడు ఫోన్లకు చేతకాదంటే నేను నమ్మను.

నేనైతే ఒకటి మార్చుకున్నాను. ఫోన్లో ఇంటికి సమయం చెప్పేటప్పుడు విమానం మాట ఎత్తడం లేదు. చీకటి పడే వేళకి వస్తాను, లేదా అన్నాల వేళకి, లేదా రేపు పొద్దున్నకి. దారిలో తగరపువలస వచ్చాను, రణస్థలం వచ్చాను అని చెప్తున్నాను. అమ్మ ఆ మాటకు తగ్గట్టే బియ్యం కడుగుతుంది.

పోయిన వారం ఊరెళ్ళినప్పుడు భోగాపురం గురించి నాన్నకు అంతా చెప్పాను. రన్‌వే ఎంత పొడవో, ఎన్ని విమానాలు ఆగుతాయో, మనకి ఎంత దగ్గరో చేతులు తిప్పుతూ చెప్పాను. ఆయన కర్రను గోడకు ఆనించి, అరుగు మీద కూర్చుని శ్రద్ధగా విన్నారు.

"విమానం దిగాక అక్కడి నుంచి సిక్కోలు బస్సుంటాదేటి?" అని అడిగారు.

కనుక్కుని చెప్తానన్నాను.